ఆకాశమును జదివిన చిత్రకారుడు

సముద్రమే రంగున నుండునని యే బాలుని నడిగినను ‘నీలముగా నుండు’నని వెంటనే యుత్తరము వచ్చును. పుస్తకములలోని బొమ్మ లట్లే యున్నవి. గోడలమీది పటము లట్లే యున్నవి. రంగుబలపముల పెట్టెలో నీలపు ముక్కయే యన్నిటికంటె ముందుగా నరిగిపోవును. కాని యొడ్డున నిలిచి కన్నులు తెఱచి చూచినవా రీ యుత్తరమును బూర్తిగా నంగీకరింపజాలరు. ఈ చిన్న విషయమును బట్టి నేనొక పెద్ద విషయమును జెప్పదలచితిని. అది మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, నావంటి యుపాధ్యాయులకును గూడ సంబంధించినది.

ముందుగా నాయొక్క తప్పిదమును జెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట, చిత్రలేఖనము నేర్పు ఉపాధ్యాయులు సెలవులో నుండగా, ఒకనాడు వారి తరగతిని నేను జూడవలసి వచ్చెను. ‘సముద్రము’ అను విషయమునిచ్చి బాలురను బొమ్మలు వేయుమంటిని. జాలరిపల్లె నుండి వచ్చు నొక బాలుడు కాగితమున ముప్పాతిక భాగము మబ్బులతో నింపి, వాని క్రింద సన్నని పట్టెగా బురదరంగు నీటిని వేసెను. నేను దానిని జూచి, “ఒడ్డున నుండువాడవు, సముద్రము నీలముగా నుండునని నీకీమాత్రము తెలియదా?” యని గద్దించితిని. వాడు లేచి నిలుచుండి, “నిన్న సాయంత్రం ఇలాగే ఉందండి మాస్టారూ” అని మెల్లగా ననెను. నే నా మాటను లక్ష్యపెట్టక, వానిచేతనే యా నీటిపై నీలపు రంగు పూయించితిని. ఆ సాయంకాలము షికారుగా నొడ్డునకు బోయి చూచునప్పటికి, తూరుపు గాలికి మబ్బులు క్రిందికి దిగియుండెను. ఏటి వఱదనీరు కలిసిన సముద్రము సరిగా నా బాలుడు వేసిన రంగుననే యుండెను. వాడు చూచినదానిని వేసెను; నేను చూడనిదానిని నేర్పితిని.

నేను తప్పుచేసితినని తెలిపినవాడా బాలుడు. ఆ తప్పెంత పెద్దదో తెలిపినది మాత్రము ఫ్రాన్సుదేశమున జీవించిన యొక చిత్రకారుని చరిత్రము. ఆయన పేరు యూజీన్ బూడాన్. మన దేశమున నీ పేరు వినినవారు తక్కువ. ఆయన శిష్యుడైన క్లోద్ మోనే పేరు మాత్రము లోకమంతయు నెఱుగును. శిష్యుని గూర్చి వ్రాయువా రనేకులు గలరు గావున, నేనిచ్చట గురువును గూర్చి వ్రాయుచున్నాను.

బూడాన్ 1824వ సంవత్సరము జూలై 12వ తేదిని ఫ్రాన్సు ఉత్తరతీరమున, నార్మండీలోని ఓంఫ్లర్ అను చిన్న రేవుపట్టణమున జన్మించెను. తండ్రి నావికుడు. బూడాన్ పసితనముననే తండ్రితో గూడ నావమీద పనికుఱ్ఱవాడుగా దిరిగెను. 1835లో కుటుంబము ఎదుటి గట్టుననున్న లె హావర్ పట్టణమునకు మారెను. ఆయనకు బడిచదువు లభించినది మిక్కిలి తక్కువ. కాగితముల దుకాణమున గొలువుచేసి, 1844లో నొక భాగస్థునితో గలిసి తానే కాగితములమ్ముచు పటములకు చట్రములు కట్టు దుకాణమును బెట్టెను. ఆ తీరమునకు వచ్చు చిత్రకారు లా దుకాణమునకు వచ్చుచుండిరి. రైతుల బ్రదుకును జిత్రించి ప్రసిద్ధుడైన మిలే వారిలో నొకడు. అట్టివారి పటములకు చట్రములు కట్టుచు, వాని నద్దపుకిటికీలో బెట్టుచు, చూచి చూచి, యిరువదిరెండేండ్ల ప్రాయమున బూడాన్ వ్యాపారమును విడిచి తానును కుంచెను బట్టెను. 1851లో లె హావర్ పురపాలక సంఘమువారు ఆయనకు మూడేండ్ల విద్యార్థి వేతనము నిచ్చి పారిసునకు బంపిరి. ఆయన యచ్చటి గొప్ప చిత్రశాలలలోని పూర్వుల చిత్రములను జూచి నేర్చుకొనెను. కాని తన మనస్సును మాత్రము తీరమునందే యుంచెను.

ఆ తీర మెట్టిదో కొంచెము తెలిసికొనవలెను. ఓంఫ్లర్, లె హావర్ పట్టణములు రెండును సేన్ నది సముద్రమున గలియుచోట నెదురెదురుగా నున్నవి. పడమట అట్లాంటికు మహాసముద్రము నుండి ఇంగ్లీషు చానెల్ మీదుగా వచ్చు గాలులు ఎడతెగక మబ్బులను దఱుముకొని వచ్చును. ఒక గడియ యెండ, మఱుగడియ తుంపర, అటుపిమ్మట వెండివంటి వెలుగు. అమావాస్య పున్నములనాటి పోటుపాటులకు నీ రేడెనిమిది మీటర్ల వఱకు నెక్కి దిగును. నీరు వెనుకకు బోయినపుడు మిగిలిన తడియిసుక యద్దమువలె నాకాశమును జూపును. అట్టిచోట ‘సముద్రము నీలము’ అను పాఠము ఒక్క పూటయు నిలువదు.

ఇది యా తీరమునకు మాత్రమే చెల్లునది కాదు. అన్ని తీరములకును జెల్లును. నిర్మలమైన లోతునీరు సూర్యకాంతిలోని యెఱుపును మ్రింగి నీలమును మిగుల్చునన్నది నిజమే. కాని నీటి పైభాగ మాకాశమును బ్రతిఫలింపజేయును. మబ్బు పట్టిననాడు బూడిదవన్నెను బొందును. నది యొండ్రును దెచ్చినపుడు గోధుమవన్నెకు మారును. మన గోదావరీ కృష్ణల ముఖములయొద్ద వఱదకాలమున నిలిచి చూచినవారి కీ సంగతి తెలియును. కావున సముద్రమునకు రంగొక్కటి కాదు; ఆనాటి యాకాశమును, గాలియును, నీటిలోని మన్నును గలిసి దాని రంగును నిర్ణయించును.

బూడాన్ దీనిని బుస్తకమున జదువలేదు. దినదినమును జూచి తెలిసికొనెను. ఆయన పద్ధతి మిక్కిలి సులభమైనది, మిక్కిలి కఠినమైనది కూడ. గదిలో గూర్చుండి జ్ఞాపకముతో గాక, ఎదుట నిలిచి చిత్రింపవలెనని యాయన నియమము. ఎదుట జూచి వేసిన గీతలో నుండు బలము, తరువాత గదిలో దిద్దిన గీతలో నుండదని యాయన నమ్మెను. మబ్బు మనకొఱకు నిలువదు. కొన్ని నిమిషములలో మారిపోవును. అందుచేత నాయన తఱచుగా పాస్టెలు అను రంగుపొడి బలపములను వాడెను. వానికి నీరక్కఱలేదు, నూనె యక్కఱలేదు, ఆరువఱకు గాచుకొనవలసిన పనియు లేదు. తైలవర్ణములను గూడ బయటికి దీసికొనిపోవుట యా కాలముననే సులభమాయెను. అంతకుపూర్వము రంగులను జంతువుల తిత్తులలో నింపి దాచెడివారు. 1841లో జాన్ రాండ్ అను అమెరికా చిత్రకారుడు తగరపు గొట్టములను గనిపెట్టగా, రంగుల నా గొట్టములలో నుంచుకొని యొడ్డునకును బొలములకును బోవుట సాధ్యమాయెను.

ఆయన చిత్రములను జూచినవారు మొదట గనిపెట్టునది యేమనగా, భూమియు నీరును క్రింది భాగమున సన్నని పట్టెగా నుండును, తక్కినదంతయు నాకాశమే. త్రూవిల్ సముద్రతీరమునకు షికారు వచ్చిన గొప్పయింటి స్త్రీపురుషులను వందలకొలది చిత్రించెను గాని, ఆ పట్టుబట్టలవారందఱును విశాలమైన గగనము క్రింద చీమలబారువలె నగపడుదురు. ఓడలు, జాలరులు, చాకిరేవున బట్టలుదుకు స్త్రీలు, పశువులు — ఎవరిని జిత్రించినను వారిపై నాకాశమే యేలుచుండును. ఆనాటి ప్రకృతి చిత్రకారులలో బెద్దవాడైన కోరో, ఈయనను ఆకాశములకు రాజని ప్రశంసించెనని ప్రసిద్ధి.

ఇక నా మనస్సున నాటుకొనిన విషయమును జెప్పెదను. 1859లో బోద్లేర్ అను ఫ్రెంచి మహాకవి ఓంఫ్లరులో బూడాన్ గదికి బోయి, యచ్చట వందలకొలదిగా నున్న యాకాశపు చిత్తుబొమ్మలను జూచి యాశ్చర్యపడి, పారిసు చిత్రప్రదర్శనమును గూర్చి తాను వ్రాసిన విమర్శలో వానిని గొనియాడెను. ప్రతి చిత్తుబొమ్మ యంచునను బూడాన్ మూడు సంగతులను వ్రాసియుంచెను: తేది, గడియ, గాలి. ఆ వ్రాతను జేతితో గప్పి బొమ్మను మాత్రమే చూచినను, అది యే ఋతువో, ఏ గడియయో, గాలి యెటనుండి వీచుచున్నదో చెప్పవచ్చునని యా కవి యభిప్రాయము.

చదువరులారా, ఈ మూడు మాటలను మఱియొకసారి తలపోయుడు: తేది, గడియ, గాలి. ఇవి చిత్రకారుని మాటలా, శాస్త్రజ్ఞుని మాటలా? వాతావరణ పరిశోధనాలయమున నుద్యోగి తన పుస్తకమున వ్రాసికొనునవి యివియే. ఇంగ్లండుదేశపు చిత్రకారుడగు కాన్‌స్టేబుల్ కూడ 1821, 1822 సంవత్సరములలో లండనుకడ హాంప్‌స్టెడ్ మిట్టమీద నిలిచి మబ్బులను జిత్రించి, కాగితము వెనుక నిట్లే తేదిని, గడియను, గాలిని వ్రాసికొనెను. దానికి నిరువదియేండ్లకు లోపల, 1802లో, లండనులో నౌషధముల వ్యాపారము చేసికొనుచుండిన లూక్ హోవర్డు మబ్బులను జాతులుగా విభజించి పేర్లు పెట్టెను. ఆ పేర్లే నేటికిని శాస్త్రమునకు మూలముగా నున్నవి. మందులమ్మువాడు, చట్రములు కట్టువాడు — వీరికి ఆకాశమును జూడుమని జీతమిచ్చిన వారెవ్వరు? వారు చూచిరి, చూచినదానిని నిజముగా వ్రాసియుంచిరి. చిత్రకళయు శాస్త్రమును ఈ యొక్క గుణమువలన తోబుట్టువులైనవి.

శిష్యుని సంగతి యింకను రమ్యమైనది. 1858 ప్రాంతమున లె హావరులో మోనే యను పదునేడు పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు ఊరి పెద్దమనుష్యుల వికారపు బొమ్మలను వేసి డబ్బు సంపాదించుచుండెను. బూడాన్ పూర్వము నడపిన దుకాణపు కిటికీలోనే యా బొమ్మలును బెట్టబడియుండెను. వాని ప్రక్కనున్న బూడాన్ చిత్రములను జూచి మోనే యేవగించుకొని, ఆయనతో బరిచయమునకు గూడ నిష్టపడలేదు. కడకు బరిచయమయ్యెను. బూడాన్ వానిని గోపింపలేదు, వాని బొమ్మలను నిందింపలేదు. వానియందు శక్తి యున్నదని చెప్పి, ‘నాతో బయటికి రమ్ము’ అని పిలిచెను. ఒడ్డున నిలిచి తాను చిత్రించుచుండగా ప్రక్కన నిలిచి చూడనిచ్చెను. ఉపదేశ మంతయు నంతియే. తాను చిత్రకారుడైనది బూడాన్ వలననే యని మోనే వృద్ధాప్యమున గూడ గృతజ్ఞతతో జెప్పుకొనెను. 1874లో పారిసున గురుశిష్యు లిరువురును ఒకే ప్రదర్శనమున జిత్రములను బెట్టిరి. అందు మోనే పెట్టిన యొక చిత్రము లె హావర్ రేవున సూర్యోదయమునకు సంబంధించినది. దాని పేరునుండియే యొక క్రొత్త చిత్రకళాసంప్రదాయమునకు ఇంప్రెషనిజము అను పేరు వచ్చెను. శిష్యుడు తన్ను మించిపోయినందుకు బూడాన్ చిన్నబుచ్చుకొన్నట్లు గానరాదు.

ఆయనకు సంపద త్వరగా రాలేదు. చిరకాలము పేదఱికముననే గడపెను. అఱువదియేండ్లు సమీపించిన పిమ్మటనే పెద్ద వర్తకు లాయన చిత్రములను గొనసాగిరి. 1892లో ప్రభుత్వమువారు లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదము నిచ్చిరి. 1898 ఆగస్టు 8వ తేదిని, తాను పుట్టిన తీరమునకు సమీపముననే, దోవిల్ అను నూరిలో కన్నుమూసెను. తరువాత రెండేండ్లకు ఆయన తమ్ముడు మిగిలియున్న చిత్రములను జిత్తుబొమ్మలను రెండువందలకు బైగా లె హావర్ చిత్రశాలకు దానము చేసెను. ఓంఫ్లరులోని చిత్రశాల కాయన పేరే పెట్టబడియున్నది.

ఈ కథను జెప్పుటలో నా యుద్దేశ మేమన, మన పాఠశాలలలో చిత్రలేఖనపు గంట బొత్తుగా దిక్కులేని గంటయైనది. పరీక్షలు దగ్గఱపడగానే దానిని గణితమునకో, భౌతికశాస్త్రమునకో యప్పగింతుము. తీసికొనిన గంటను మరల నిచ్చు వాడుక లేదు. నేనును అట్లు తీసికొనినవారిలో నొకడనే. దీనికి మూడు కారణములు చెప్పుదురు. ఒక్కొక్కదానిని విచారింతము.

మొదటిది, బొమ్మలకు మార్కులు లేవనుట. కష్టపడి జీతములు కట్టు తలిదండ్రుల భయమును నేను దేలికగా దీసికొనను; కుమారుడు పరీక్షలో దప్పిన నా భారము వారిదే. కాని నేను క్రొత్తగా గంట నడుగుటలేదు. ఉన్న యొక్క గంటను దొంగిలింపవలదని మాత్రమే యనుచున్నాను. పైగా, శాస్త్రప్రయోగమున కనబడినదానిని విడిచి ‘రావలసిన’ జవాబును వ్రాయు విద్యార్థులను నేను చాలమందిని జూచితిని. అది యబద్ధమని కూడ వారు తలపరు. చిన్ననాట బురదనీటిపై నీలము పూయించినవారము మనమే కదా! ఆ పాఠమునే వారు ప్రయోగశాలలో నప్పగించుచున్నారు.

రెండవది, నేడు చేతిలోని ఫోనుతో నొక్క క్షణమున ఛాయాచిత్రమును దీయవచ్చును గదా, బొమ్మ యేల యనుట. ఫోనును నేను నిందింపను; దానివలన మేలును గలదు. కాని ఫోను చూచును, మనము చూడము. ఛాయాచిత్రమును దీసి జేబులో వేసికొనినవానిని, ఆ మబ్బు క్రింది యంచు చదునుగా నుండెనా, చీలియుండెనా యని యడుగుడు, చెప్పలేడు. పెన్సిలుతో నైదు నిమిషములు గీచినవాడు, ఎంత వంకరగా గీచినను, చెప్పగలడు. ఏలయన ప్రతి గీతకును వాడొక ప్రశ్న వేసికొని, తలయెత్తి చూచి, యుత్తరము తెచ్చుకొనవలసివచ్చెను.

మూడవది, అందఱును చిత్రకారులు గారనుట. నిజమే, కానక్కఱలేదు. అందఱును గవులగుదురని పద్యములు చెప్పించుచున్నామా? వైద్యుడు రోగి ముఖమును జూడవలెను. రైతు ఆకు రంగును జూడవలెను. జాలరి తెప్పను దింపుటకు ముందు తూరుపుదిక్కును జూడవలెను. చూపు తప్పినచోట చదువెంతయున్నను నష్టమే.

మన తెలుగుదేశమున నిట్టి గురువు లేకపోలేదు. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు తాము చిత్రకారులు. వారు దామెర్ల రామారావు, అడివి బాపిరాజు అను బాలురలోని శక్తిని గనిపెట్టి ప్రోత్సహించిరి. రామారావును బొంబాయి చిత్రకళాశాలకు బంపుటలోను వారి పూనిక గలదు. 1897లో జన్మించిన రామారావు 1925లోనే మరణించెను, ముప్పదియేండ్లైనను నిండలేదు. అయినను ఆ కొద్దికాలములో నాయన చిత్రించినవానిని రాజమహేంద్రవరమున నాయన పేరనున్న చిత్రశాలలో నేటికిని జూడవచ్చును. కళాశాలాధ్యక్షు డొకడు తన గదినుండి లేచి శిష్యుని కాగితమును జూచుటచేత నింత మేలు గలిగెను.

కావున నా మనవి యిది. విద్యార్థులారా, ఒక చిన్న నోటుపుస్తకమును గుట్టుకొనుడు. రంగులక్కఱలేదు, పెన్సిలు చాలును. దినమున కైదు నిమిషములు, మేడమీదనో, పెరటిలోనో, బడికి వచ్చు దారిలోనో నిలిచి, ఆకాశమున నొక భాగమును గీయుడు. అంచున తేదిని, గడియను, గాలివచ్చు దిక్కును వ్రాయుడు. బాగుండలేదని చింపివేయకుడు. సంవత్సరాంతమున నా పుస్తకమును దిరుగవేసి చూచినచో, వైశాఖపు టాకాశమునకును కార్తికపు టాకాశమునకును గల భేదము మీకు మీరే చెప్పుకొందురు. తలిదండ్రులారా, ఆ యైదు నిమిషములు కాలహరణమని గదమకుడు. ఉపాధ్యాయ మిత్రులారా, మన మెదుటికి బాలుడొక వింతరంగును దెచ్చినపుడు, దిద్దుటకు ముందు ఒక్కసారి కిటికీలోనుండి బయటికి జూతము.

నేను నీలము పూయించిన బాలుడు పాఠశాలను విడిచి చాల కాలమైనది. ఆ మరునాడే వానిని బిలిచి, “నీవు వేసినదే నిజము, నేను పొరపడితిని” అని చెప్పియుండవలసినది. ఉపాధ్యాయుడనను గౌరవ మడ్డువచ్చి చెప్పనైతిని. ఈ పత్రిక వాని పల్లెకు బోవునో లేదో తెలియదు. పోయినచో, ఆ మాటను నేడిచ్చట జెప్పుచున్నానని వాడు గ్రహించునుగాక.